చీల చూచువారెవరు?

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతమునందలి కొత్తపల్లెనుండి మా చదువరులలో నొక సోదరి ఈ నెల మాకొక జాబు వ్రాసిరి. వారి కుమార్తె బెంగుళూరులో ఉద్యోగము చేయుచున్నది. బస్సులోనో రైలులోనో రాత్రియంతయు కూర్చుండి యింటికి చేరుట ఆమెకు అలవాటు. ఒక పండుగకు మాత్రము ఆమె విమానమెక్కి ఓర్వకల్లులో దిగి, మధ్యాహ్న భోజనమువేళకు ఇంటి గడపలో నిలిచినదట. ఇంటిల్లిపాదికిని ఆశ్చర్యము, ఆనందము. ఎనుబదియేండ్ల నాయనమ్మ మాత్రము మనుమరాలిని దగ్గర కూర్చుండబెట్టుకొని యొక ప్రశ్న వేసినదట: “బండి కట్టేముందు మీ తాత ఇరుసుకు కందెన ఉందా, చీల గట్టిగా ఉందా అని చేత్తో ముట్టి చూసేవాడు. అది చూడనిది గిత్తల్ని కదలనిచ్చేవాడు కాదు. ఇంత పెద్ద బండికి చీల చూసేవాళ్లు ఎవరున్నారు పాపా?”

“మా యింట ఎవ్వరికిని దీనికి జవాబు తోచలేదు. మీకు తెలిసినచో వ్రాయగోరెదను” అని ఆ సోదరి జాబు ముగించినారు.

చదువగానే మాకును నవ్వు వచ్చినమాట నిజమే. కాని రెండవమారు చదివిన పిమ్మట నవ్వు నిలువలేదు. విమానములను గూర్చి మన పత్రికలలో వచ్చు వ్రాతలలో అధికభాగము ఎన్ని క్రొత్త విమానములు కొన్నారు, ఎన్ని క్రొత్త ఊళ్లకు దారులు తెరచినారు అను లెక్కలతోనే నిండియుండును. చీల ఎవరు చూచుచున్నారని అడుగువారు అరుదు. అడుగవలసిన ప్రశ్నను ఆ పెద్దమ్మగారు అడిగినారు. కావున ఈ నెల మా మాటలు ఆ ప్రశ్నకే అంకితము.

ముందుగా మన జిల్లా సంగతి. కర్నూలునుండి నంద్యాలకు వచ్చు దారిలో ఓర్వకల్లు వద్ద కట్టిన విమానాశ్రయమునకు రాకపోకలు నడుపుకొను అనుమతిపత్రము 2021 జనవరిలో లభించెను. ఆ సంవత్సరము మార్చి 25వ తేదీన నాటి ముఖ్యమంత్రి శ్రీ వై. ఎస్. జగన్‌మోహన్ రెడ్డిగారు దానిని ప్రారంభించిరి. మూడు దినముల తరువాత బెంగుళూరునుండి మొదటి విమానము వచ్చి దిగెను. ఆ విమానాశ్రయమునకు పెట్టిన పేరు ఉయ్యాలవాడ నరసింహారెడ్డిగారిది. కుంఫిణీవారిపై తిరుగబడి, 1847 ఫిబ్రవరి 22వ తేదీన కోవెలకుంట్లలో ఉరికంబమెక్కిన ఆ వీరుని కథ ఆళ్లగడ్డ సీమలో మన అవ్వలు పాటగా పాడుకొన్నదే.

ఓర్వకల్లు ఒక్కటియే కాదు. 2014లో మన దేశమున రాకపోకలు సాగు విమానాశ్రయములు 74 మాత్రమే. పది పండ్రెండేండ్లలో అవి రెండింతలకు మించినవి. చిన్న పట్టణములను కలుపుటకు ‘ఉడాన్’ అను పథకము 2017లో మొదలైనప్పుడు కేంద్రమున విమానయాన మంత్రిగా ఉన్నవారు విజయనగరపు అశోక్ గజపతిరాజుగారు. 2024లో ఆ శాఖను చేపట్టినవారు శ్రీకాకుళపు కింజరాపు రామ్మోహన్ నాయుడుగారు. దేశములోపల తిరుగు విమానములెక్కినవారు 2014లో ఏడు కోట్లకు లోపు. 2024లో పదునారు కోట్లకు పైగా. ఒకప్పుడు జమీందారులును మంత్రులును ఎక్కిన వాహనమును నేడు మన కొత్తపల్లె పిల్లలు ఎక్కుచున్నారు. ఇది సంతోషింపదగిన సంగతియే. అయితే కాపురమునకు వచ్చు కోడండ్ర సంఖ్య పెరిగినప్పుడు పొయ్యియు పెరుగవలెను, పొయ్యి చూచువారును పెరుగవలెను. విమానములు పెరిగినంత వేగముగా వాటిని కనిపెట్టువారు పెరుగుచున్నారా? మన దేశమువంటి ఎదుగుచున్న దేశములన్నిటికిని ఎదురగు ప్రశ్న ఇదియే.

ఇక చీల చూచువారి మాట. విమానమునకు ఒక్క చీల కాదు, వేల చీలలు. మొదట చూచువాడు ఇంజనీరు. మరమ్మతు చేసిన విమానము తిరిగి ఎగురవలెనన్న, అందులకై పరీక్షలు నెగ్గి లైసెన్సు పొందిన ఇంజనీరు తన పేర చేవ్రాలు చేయవలెను. ఆ చేవ్రాలు లేనిది విమానము కదలరాదు. రెండవవాడు చోదకుడు. ఎగురుటకు ముందు విమానము చుట్టును తిరిగి తన కంటితో చూచుకొని, లోపల కూర్చుండి పట్టికలోని అంశములను ఒక్కొక్కటిగా చదివి సరిచూచుకొనును. ముప్పది సంవత్సరములు విమానము నడపినవాడైనను ఆ పట్టికను చదువక మానరాదు. పూజావిధానము కంఠస్థమైన పురోహితుడు కూడ పెద్ద వ్రతమునాడు పుస్తకము దగ్గర పెట్టుకొనుట మనమెరిగినదే కదా. మూడవవారు నేలమీద గోపురములో కూర్చుండి ఏ విమానము ఎప్పుడు లేవవలెనో, ఎంత ఎత్తున పోవలెనో చెప్పు నియంత్రకులు.

కాని వండినవారే రుచి చూచి “అమృతమువలె నున్నది” అనుట లోకసహజము. కావున వంటతో సంబంధము లేని నాలుక యొకటి కావలెను. మన దేశమున ఆ పని పౌరవిమానయాన డైరెక్టరేట్ జనరల్‌ది. నాలుగు ఆంగ్లాక్షరములు కలిపి ‘డీజీసీఏ’ అని పత్రికలు వ్రాయునది దీనినే. చోదకులకును ఇంజనీర్లకును లైసెన్సులిచ్చుట, విమానము ఎగురుటకు తగియున్నదని పత్రమిచ్చుట, కంపెనీల పుస్తకములను తనిఖీచేయుట, తప్పు కనబడినచో విమానమును నిలిపివేయుట దీని అధికారములు. 2020లో పార్లమెంటు చట్టమును సవరించి దీనికి చట్టబద్ధమైన స్థానము కల్పించెను. 1934 నాటి పాత విమాన చట్టము పోయి, 2025 జనవరి 1వ తేదీనుండి భారతీయ వాయుయాన అధినియమము అమలునకు వచ్చెను. ప్రమాదము జరిగినప్పుడు విచారించుటకు విమాన ప్రమాద దర్యాప్తు సంస్థ వేరుగా 2012లో ఏర్పడెను. కాపలా ఉంచినవాడే దొంగతనమును విచారించినచో తన కునుకును తాను బయటపెట్టుకొనడు. కనుకనే ఈ రెండు పనులను వేరుచేసిరి.

లోకమునకంతటికిని ఈ కట్టుబాట్లు ఒక్కనాట వచ్చినవి కావు. రెండవ ప్రపంచయుద్ధము ముగియకముందే, 1944 డిసెంబరులో, అమెరికాలోని చికాగో నగరమున 52 దేశములవారు కూడి ఒక ఒడంబడికపై సంతకములు చేసిరి. దానినిబట్టి 1947లో అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ వెలసెను. దాని కార్యస్థానము కెనడాలోని మాంట్రియల్. ఆ సంస్థ వ్రాసిన నియమములను ప్రతి దేశమును ఎంతవరకు పాటించుచున్నదో దాని పరీక్షకులు వచ్చి చూచి మార్కులు వేయుదురు. ఆ పరీక్షలో మన దేశమునకు 2018లో నూటికి 70కి కొంచెము తక్కువగా వచ్చినవి. 2022లో 85కు పైబడినవి. బిడ్డ మార్కులు పెరిగినవని తల్లి సంతోషించును. కాని తెలివిగల తల్లి పోయిన మార్కులు ఏ పాఠమున పోయినవో కూడ అడుగును.

ఈ నియమములలో పెక్కులు కన్నీటితో వ్రాసినవి. 1996 నవంబరు 12వ తేదీన ఢిల్లీకి సమీపమున చర్ఖీ దాద్రీ అను ఊరిమీద సౌదీ విమానమును, కజకిస్తాను విమానమును ఆకసమున ఢీకొని 349 మంది ప్రాణములు కోల్పోయిరి. వచ్చునవి, పోవునవి ఒకే దారిన నడచుచుండిన రోజులవి. అటుపిమ్మట రాకకు ఒక దారి, పోకకు ఒక దారి ఏర్పరచిరి. ఎదురుగా వచ్చు విమానమును పసికట్టి చోదకుని హెచ్చరించు పరికరము తప్పనిసరి చేసిరి. నేడు మన పిల్లలు కిటికీప్రక్కన కూర్చుండి నిశ్చింతగా నిద్రించుచున్నారన్న, ఆ 349 మంది మనకు విడిచిపోయిన పాఠము వారిని కాచుచున్నదని మరువరాదు.

తెలుగువారికి మాత్రము ఈ పాఠము మరింత దగ్గరగా వచ్చినది. 2002 మార్చి 3వ తేదీన లోక్‌సభాపతి జి. ఎం. సి. బాలయోగిగారు భీమవరమునుండి హైదరాబాదు పోవుచుండగా హెలికాప్టరు కృష్ణాజిల్లా కైకలూరు ప్రాంతమున చేపల చెరువులో కూలి, వారును వారితోనున్నవారును మరణించిరి. 2004 ఏప్రిల్ 17వ తేదీన, మన ఇండ్లలో ఆడబిడ్డవలె ప్రేమింపబడిన నటి సౌందర్య, ఎన్నికల ప్రచారమునకై కరీంనగరము పోవుటకు బెంగుళూరు జక్కూరులో చిన్న విమానమెక్కెను. నేల విడిచిన కొద్దిసేపటిలోనే అది కూలి, ఆమెతోబాటు ఆమె సోదరుడును, మరి యిద్దరును అసువులు బాసిరి.

తరువాతి దుఃఖము నల్లమలది. నంద్యాల జిల్లా ఆడపడుచులకు దీనిని మేము చెప్పనక్కరలేదు. 2009 సెప్టెంబరు 2వ తేదీ ఉదయము నాటి ముఖ్యమంత్రి శ్రీ వై. ఎస్. రాజశేఖర రెడ్డిగారు బేగంపేటనుండి హెలికాప్టరులో చిత్తూరు జిల్లా రచ్చబండకై బయలుదేరిరి. గంట గడవకముందే జాడ తెలియకపోయెను. ఆ పగలు, ఆ రాత్రి అడవిలో వెదకనిచోటు లేదు. పొయ్యి వెలిగింపక దేవుని గూటిముందు దీపము పెట్టుకొని కూర్చుండిన యిండ్లెన్నియో. మరునాటి ఉదయము పావురాలగుట్టపై శకలములు కానవచ్చెను. ముఖ్యమంత్రిగారితో కూడ ఐదుగురు పోయిరి. నల్లకాల్వ వద్దనున్న స్మృతివనమును చూచినవారు మా పాఠకులలో చాలమంది యుందురు. పండ్రెండేండ్లు నిండకముందే ఓర్వకల్లు విమానాశ్రయమును తెరచినవారు ఆయన కుమారుడే యని తలచుకొన్నప్పుడు, ఈ సీమ ఆకసమునకు ఎంత యిచ్చి ఎంత పుచ్చుకొన్నదో మనసునకు తట్టును.

ఆ ప్రమాదమును విచారించుటకు ఆర్. కె. త్యాగిగారి అధ్యక్షతన ఒక సంఘమును నియమించిరి. పంకను త్రిప్పు యంత్రభాగమున నూనె ఒత్తిడి సరిగా లేదని ఒక హెచ్చరిక దారిలో వెలిగినదట. దానికి ఏమి చేయవలెనో గ్రంథములో వెదకుటయందు చోదకుల ధ్యాస చిక్కుకొనెను. అదే సమయమున హెలికాప్టరు దట్టమైన వానమేఘములలో క్రిందికి త్రోయు బలమైన గాలికి లోనై అదుపు తప్పినదని ఆ సంఘము తేల్చెను. కొత్తపల్లె పెద్దమ్మగారు కందెన మాట ఏల యెత్తిరో ఇప్పుడు మనకు తెలియుచున్నది. నూనె హెచ్చరిక ఒక్కటే అంత అనర్థము తెచ్చియుండదు, మేఘమొక్కటే తెచ్చియుండదు. రెండును ఒక్కసారి కూడినవి. పాలు పొంగుచుండగా బిడ్డ నూతివైపు నడచినచో తల్లి దేనివైపు పరుగెత్తవలెను? పాలు పోయినను బిడ్డను పట్టుకొనవలెనని ఆమెకు ముందే తెలిసియుండవలెను. చోదకులకు మాటిమాటికి శిక్షణ యిచ్చుటలోని అంతరార్థమిదియే: ఆపద రాకముందే ఏది మొదటిదో, ఏది రెండవదో మనస్సులో స్థిరపడుటకు.

పైన చెప్పిన మూడు విషాదములకును ఒక పోలిక కలదు. మూడును పెద్ద కంపెనీల పెద్ద విమానములు కావు. ప్రజాజీవితమునందున్న వారు, కాలము చాలక, సభలకును ప్రచారములకును పోవుటకై ఎక్కిన చిన్న వాహనములు. ఇట్టివి దిగుచోట్ల గోపురము ఉండదు. దారి చూపు పరికరములు తక్కువ. అచ్చట వేలమంది జనము ఎదురుచూచుచుందురు. అప్పుడు చోదకుని మనస్సుపై మోపు బరువు ఏ త్రాసునకును అందదు. నియమమునుబట్టి చూచినచో విమానమునందు తుది అధికారము చోదకునిదే. మంత్రి యైనను మహారాజైనను అందు ప్రయాణికుడే. కాని “మబ్బు పట్టినది, నేడు పోరాదు” అని పెద్దవారి మొగము చూచి చెప్పగల గుండె అతనికి నియమపుస్తకము ఇవ్వజాలదు; దానిని మన్నించు లోకము ఇవ్వవలెను.

“ఆగుము” అను మాట చెప్పుటయే కాదు, దానిని వినుటయు కావలెను. 2010 మే 22వ తేదీన దుబాయినుండి వచ్చిన విమానము మంగుళూరులో పరుగుబాట దాటి లోయలో పడి 158 మంది మరణించిరి. ఎనమండుగురు మాత్రము బ్రదికిరి. విమానము తగినరీతిని దిగుటలేదని గ్రహించి, దిగక మరల పైకి లేపుమని ఉపచోదకుడు మూడుసార్లు చెప్పినట్లు విచారణలో తేలెను. ముఖ్యచోదకుడు వినలేదు. ఆయన దారిలో చాలసేపు నిద్రించి, ఆ మత్తు పూర్తిగా విడువకముందే దించుటకు పూనుకొనెనని కూడ విచారణసంఘము గుర్తించెను. పెద్దకోడలు చెప్పినమాట చిన్నకోడలు వినుట సంప్రదాయము. కాని పొయ్యిలో నిప్పు చీరకంటినదని చిన్నకోడలు అరచినప్పుడు పెద్దకోడలు వినకున్నచో సంప్రదాయము ఎవరిని కాపాడును?

నిద్ర సంగతి వచ్చినది గనుక మరియొక మాట. రాత్రులు పసిబిడ్డతో మేలుకొని, తెల్లవారి చల్ల చిలుకుచు కునికిపాట్లు పడని తల్లి యెవరు? అలసిన చేయి ఉప్పు రెండుమార్లు వేయును. కూరలో ఉప్పు ఎక్కువైనచో ఒకపూట పస్తు. విమానములో అట్లు కాదు. కావున చోదకులకు వారమునకు 36 గంటలుగా నున్న విశ్రాంతిని 48 గంటలకు పెంచి, రాత్రివేళ దించదగిన పర్యాయములను ఆరునుండి రెండునకు తగ్గించి డీజీసీఏ 2024లో నియమములు ప్రకటించెను. అవి రెండు విడతలుగా 2025లో అమలునకు వచ్చినవి. నవంబరు 1న రెండవ విడత మొదలగు నాటికి దేశమున అన్నిటికంటె పెద్దదైన ఇండిగో కంపెనీకి తగినంతమంది చోదకులు సిద్ధముగా లేకపోయిరి. డిసెంబరు మొదటివారమున వేల విమానములు రద్దయ్యెను. పెండ్లిండ్లకు పోవలసినవారు, రోగులు, పరీక్షలకు పోవు పిల్లలు విమానాశ్రయములలో నేలపై పరుండిరి. ప్రజల గోడు చూచి అధికారులు ఆ కంపెనీకి 2026 ఫిబ్రవరి 10 వరకు కొన్ని నియమములనుండి సడలింపు నిచ్చిరి.

ఇందు ఎవరిని నిందింపవలెనన్నది మా ఉద్దేశము కాదు. నేలపై పరున్న తల్లుల కష్టము కష్టము కాదని మేమనము. కాని జరిగినదేమో తెలిసికొనుట మంచిది. విశ్రాంతి కావలెనని వ్రాసిన నియమము, ఏర్పాటు చాలక, చివరకు తానే ప్రక్కకు తొలగవలసి వచ్చెను. చీల సరిగా లేదని బండి ఆపినవానితో, ఎక్కియున్న పెండ్లివారు “ముహూర్తము మించిపోవుచున్నది, పోనిమ్ము” అన్నట్లయ్యెను. ముహూర్తమునకు ముందే చీల చేయించియుండవలసినది. ఎదుగుదలకును జాగ్రత్తకును పోరు వచ్చినప్పుడెల్ల జాగ్రత్తయే తలవంచినచో, ఆ ఎదుగుదల ఎన్నాళ్లు నిలుచును?

చూచువారి కొరత క్రొత్తది కాదు. 2014 జనవరి 31వ తేదీన అమెరికా విమానయాన సంస్థ మన దేశపు పర్యవేక్షణను రెండవ తరగతికి దించెను. తగిన శిక్షణ గల తనిఖీ అధికారులు చాలరనుట అందుకు ముఖ్య కారణములలో నొకటి. దాని ఫలితముగా మన కంపెనీలు ఆ దేశమునకు క్రొత్త విమానములు నడుపరాదయ్యెను. లోపములు దిద్దుకొనిన పిమ్మట 2015 ఏప్రిల్ 8వ తేదీన మొదటి తరగతి తిరిగి లభించెను. పదేండ్లు గడచినవి, విమానములు రెండింతలైనవి. అయినను 2025 ఆగస్టులో పార్లమెంటు స్థాయీసంఘము సమర్పించిన నివేదికలో, డీజీసీఏకు మంజూరైన ఉద్యోగములలో సుమారు సగము ఖాళీగా నున్నవని చెప్పిరి. ఇంటికి పది గదులు కట్టి అయిదు గదులకే తలుపులు పెట్టిన యజమానిని ఊరివారేమందురు?

ఆ సంవత్సరమే జూన్ 12వ తేదీన అహమ్మదాబాదులో ఎయిరిండియా విమానము నేల విడిచిన కొన్ని క్షణములకే ఒక వైద్యవిద్యార్థుల వసతిగృహముపై కూలి, లోపలి 242 మందిలో ఒక్కరు తప్ప అందరును, నేలపైనున్న 19 మందియు మరణించిరి. నెల దినములకు ప్రాథమిక నివేదిక వెలువడెను. ఆ నివేదికలోని రెండు వాక్యములు పట్టుకొని, పోయిన చోదకులపై నోటికి వచ్చినట్లు మాటలాడినవారు ఎందరో. ప్రమాద విచారణ పాపిని వెదకుటకు కాదు, మరల అట్లు జరుగకుండుటకు అని అంతర్జాతీయ నియమమే చెప్పుచున్నది. నింద పడునని భయమున్నచోట ఎవ్వరును తమ తప్పు చెప్పుకొనరు. తప్పు చెప్పుకొననిచోట పాఠము పుట్టదు. పగిలిన గిన్నె దాచిన కోడలిని కొట్టు ఇంట మరి పది గిన్నెలు రహస్యముగా పగులును. కావున అరుగులమీద తీర్పులు చెప్పుట మానుదము. పోయినవారికి తల్లులు కలరు.

ఇవన్నియు దొరలపనులు, మనమేమి చేయగలమని అనుకొనవలదు. చీల చూచుటలో మన పాలు కొంత కలదు. ఊరినుండి పోవు బిడ్డకు సంచి సర్దునది మనమే. మన సీమ వంటకు ఎండుకొబ్బరి ప్రాణమని, నాలుగు చిప్పలు గుడ్డలో చుట్టి పెట్టుట మన ప్రేమ. కాని ఎండుకొబ్బరిలో నూనె యెక్కువ. మూసినచోట వేడెక్కి తనంత తానే అంటుకొనవచ్చును. కావున దానిని విమానములో చేతిసంచిలోగాని పెట్టెలోగాని తీసికొనిపోరాదని నిషేధించిరి. ఫోనునకు విద్యుత్తు నింపు పవర్ బ్యాంకును క్రింది అరలోకి పోవు పెట్టెలో పెట్టరాదు; చేతిసంచిలోనే యుంచుకొనవలెను. అది పొగలు క్రక్కినచో సిబ్బంది కంటబడునట్లు. నడుముపట్టీ బిగించుకొను విధమును విమానపు అమ్మాయి చూపుచున్నప్పుడు ఫోను చూచుకొనుట మర్యాదయు కాదు, మేలును కాదు. ఆపదలో దిగవలసి వచ్చినప్పుడు పైఅరలోని పెట్టెకై ఆగరాదు. మన పట్టుచీరకై మనము ఆగిన క్షణము వెనుకనున్న బిడ్డ ఊపిరి కావచ్చును.

అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి. మంచుచేతనో గాలిచేతనో విమానము ఆలస్యమైనప్పుడు “ఎంతసేపు నిలిపెదరు?” అని సిబ్బందిపై విరుచుకొనిపడు గుంపులో మనము కలియరాదు. ఫోనులో “ఇంకను బయలుదేరలేదా?” అని బిడ్డను తొందరపెట్టరాదు. నేలపై నిలిచిన విమానము ఎవ్వరిని చంపలేదు. డబ్బు వాపసు, వసతి, భోజనము నియమమునుబట్టి గట్టిగా అడుగుదము. అది మన హక్కు. కాని వాన కురియుచుండగా ఎగురుమని అడుగు హక్కు ఎవ్వరికిని లేదు.

1936లో సరళా తక్రాల్ అను యువతి చీర కట్టుకొని చిన్న విమానమునెక్కి, చోదక లైసెన్సు పొందిన తొలినాటి భారతీయ వనితలలో నొకరయ్యెను. నేడు మన దేశపు చోదకులలో నూటికి సుమారు 15 మంది స్త్రీలు. ప్రపంచపు సగటుకంటె ఇది సుమారు మూడింతలు. నడుపుట నేర్చినారు, చూచుటయు నేర్వవలెను. నంద్యాలలో ఇంజనీరింగు చదువు పిల్లలు విమానముల తనిఖీ ఉద్యోగములను గూర్చి విననైన వినియుండరు. ఆ ఖాళీలలో కొన్నిటిని మన ఆడపిల్లలు నింపరాదా? ఇంట ఏ మూల ఏది చెడినదో గడపలో అడుగిడగానే కనిపెట్టు చూపు వారికి తల్లులనుండి వచ్చినదే.

ఇక కొత్తపల్లె పెద్దమ్మగారికి మా జవాబు. అమ్మా, చీల చూచువారు కలరు. చదువుకొన్నవారు, శ్రద్ధగలవారు కలరు. వారివలననే ప్రతిదినమును లక్షలమంది క్షేమముగా ఇల్లు చేరుచున్నారు. కాని బండ్లు పెరిగినంతగా వారు పెరుగలేదు. ఉన్నవారు “ఆగుము” అన్నప్పుడు ఆగు ఓపికయు మనకింకను పూర్తిగా పట్టుబడలేదు. మీ పెనిమిటిగారు చీల చూడనిది గిత్తలను కదలనిచ్చువారు కారని వ్రాసిరి. ఎక్కినవారు ఎవరును ఆయనను తొందరపెట్టియుండరని మా నమ్మకము. ఆ రెండవది మీ యింటి గొప్పతనము. దేశమునకు కావలసినదియు అదియే. మనుమరాలు తిరిగి పోవునాడు మీరు ఆమె చేతికి పెరుగన్నపు మూటతోబాటు ఈ మాటయు ఇచ్చి పంపుడు: “ఆలస్యమైతే కానీ పాపా, చీల చూసినాకనే రా.”